రెండో కాపీ

కోటేశ్వర్‌ని చంపడానికి వాళ్ళకు ఒక్క టీ గ్లాసు చాలింది.

మర్రిపాడు రోడ్డు మీద, లారీలు ఆగే చోట అతని టీ కొట్టు. పొద్దున్నే దిగిన ఇద్దరు కొత్త గిరాకీలు "నువ్వూ మాతోపాటు తాగన్నా" అని మర్యాద చేశారు. వాళ్ళ మర్యాద మండిపోను, సగం గ్లాసు కూడా ఖాళీ కాకుండానే కోటేశ్వర్ పొయ్యి పక్కన ఒరిగిపోయాడు. ఇద్దరూ వెనక గది తలుపు తన్ని చూశారు. మంచం ఖాళీగా ఉంది. ఆ మంచం మీద ఉండాల్సిన మనిషి, కోటేశ్వర్ చుట్ట పొగ పడక, ముందు రోజే అలిగి లారీ ఎక్కి ఆత్మకూరు వచ్చేశాడు. అతన్ని అక్కడ దాచింది డెస్క్ అనే గూఢచారి విభాగం. ఆ డెస్క్ వాళ్ళు వేసిన ప్లాను పనిచెయ్యలేదు, చుట్ట పొగ పనిచేసింది.

అలిగిన మనిషి పేరు వరప్రసాదం. సముద్రం ఒడ్డున ఉండే రాడార్ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఒక కంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్. ఒక్క కమాండ్ ఇస్తే రాడార్లన్నిటికీ కళ్ళు పోయేలా అందులో ఎవరో ఏర్పాటు చేశారని కనిపెట్టి, ఉద్యోగం వదిలి పారిపోయి వచ్చాడు. ఆ పని చేయించిన విదేశీ ముఠాకు కోబాల్ట్ అని పేరు. దాని మనుషుల ముఖాలు చూసి ఇంకా బతికి ఉన్న బయటివాడు ఇతనొక్కడే.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఫోను మోగింది.

"కలర్ ప్రింటు ఉందా?" అంది అవతలి గొంతు.

"కార్ట్రిడ్జ్ అయిపోయింది. బ్లాక్ అండ్ వైట్ తీస్తాను," అంది షాపు నడిపే సుకుమారి.

కోడ్ కుదిరింది. అవతల ఉన్నది డెస్క్. ఆ గొంతుకు పేరు లేదు, ముఖం లేదు, నవ్వు అసలే లేదు.

"కోటేశ్వర్ పోయాడు."

"తెలుసు సర్."

"ఆ గది గురించి నువ్వు నాకు మెయిల్ పెట్టావు. మర్నాడే వాళ్ళు అక్కడికి వచ్చారు. లీక్ నీ వైపే ఉంది."

"నా మిషన్ అంతా చూసుకున్నాను. వైరస్ లేదు. పాస్‌వర్డ్ మార్చేశాను."

"శనివారం వరప్రసాదం నెల్లూరులో మేజిస్ట్రేట్ ముందు కూర్చోవాలి. అతను లేకపోతే కేసు లేదు. అతన్ని ఎక్కడ పెడుతున్నావో నాకు మెయిల్ చెయ్యి. బండి సురేంద్రబాబు తెస్తాడు. ఇల్లు ఏదో ఆయనకు మాత్రం చెప్పకు. బండి తోలేవాడికి ఇల్లు తెలియకూడదు, రూల్ తెలుసుగా."

ఫోను ఆగిపోయింది. కోటేశ్వర్ భార్యకు ఏం చెప్పాలో డెస్క్ చెప్పలేదు. సుకుమారి గ్లాసు బల్ల మీద తల ఆనించింది.

వరప్రసాదాన్ని దాచడానికి ఈసారి ఆమె తన సొంత ఊరు ఉదయగిరినే నమ్ముకుంది. అక్కడి బాప్టిస్టు చర్చి ఆడవాళ్ళు ప్రతి శుక్రవారం ఉపవాస కూటం పెట్టుకుంటారు. వారానికి ఒక ఇంట్లో, వంతుల ప్రకారం. పొద్దుటి నుంచీ పాటలు, ప్రార్థన, మధ్యాహ్నం దాటాక ఉపవాసం విడిచి భోజనాలు. అందరివీ తెల్ల చీరలే, అందరికీ నెత్తిన ముసుగులే. ఎంతమంది లోపలికి వెళ్ళారో, ఎంతమంది బయటకు వచ్చారో లెక్కపెట్టే పురుషుడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఈ వారం కూటం సుకుమారి మేనత్త ఇంట్లో. వరప్రసాదం అక్కడే ఉన్నాడు. కూటం అయ్యాక మీసం తీసేసి, తెల్ల చీర కట్టుకుని, వచ్చే వారం వంతు ఎవరిదో ఆవిడ వెంట నడిచి ఆ ఇంటికి పోవాలి. వచ్చే వంతు లిదియమ్మది.

గురువారం ఆ మాటే మెయిల్‌లో రాసింది. "రేపు కూటం అయ్యాక మనిషి లిదియమ్మ ఇంట్లో. శనివారం దాకా అక్కడే." పేరు దగ్గర డెస్క్ అని కొట్టింది, మెయిల్ పోయింది.

సాయంత్రానికి షాపు ముందు తెల్ల కారు ఆగింది.

కారులోంచి నిరోష దిగింది. నల్ల కళ్ళద్దాలు, ఆత్మకూరు రోడ్లను బొత్తిగా లెక్కచెయ్యని హీల్స్. పైకి రియల్ ఎస్టేట్ ప్రమోటర్. లోపల కోబాల్ట్‌కి పనిచేస్తుంది, డెస్క్‌కీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువ చేస్తుందో ఆమెకే తెలియాలి. బస్టాండులో ఉన్న మగవాళ్ళందరికీ ఒక్కసారిగా జిరాక్స్ అవసరాలు గుర్తొచ్చాయి.

"లేఔట్ ప్లాన్ అక్కా. మెల్లగా తియ్. మూడో కాగితం ముఖ్యం," అంది నిరోష.

సుకుమారి మూడో కాగితం తిప్పి చూసింది. తను పొద్దున డెస్క్‌కి రాసిన మెయిల్. అక్షరం పొల్లు పోకుండా.

"ఇది నీకెట్టా వచ్చింది?"

"నా ఒక్కదానికేనా? నువ్వు డెస్క్‌కి కొట్టగానే మా వాళ్ళందరి ఫోన్లూ టింగుమంటాయి. నువ్వు పాస్‌వర్డ్ మార్చినా మోగినాయి."

"ఎవరు చేసినారు?"

"లోపలి మనిషి ఒకడు ఉండాడంట. పేరు నాకు చెప్పరు. వాళ్ళకే ఆయన మీద సగం నమ్మకం. అందుకే ఆయన చెప్పేదాకా ఆగకుండా నీ కాపీయే తెప్పించుకుంటా ఉండారు."

"నాకెందుకు చెప్తా ఉండావు?"

నిరోష కళ్ళద్దాలు సర్దుకుంది. "రేపు నా పేరు నీ మెయిల్‌లో పడితే నాకూ ఒక టీ గ్లాసు ఇస్తారు. నాకు టీ పడదు అక్కా."

కారు పోయింది. సుకుమారి షట్టరు సగానికి దించి పాత కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆ కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రాం చూసిన గిరాకీలు "ఇదేందమ్మా, చెడిపోయినాదా?" అని అడుగుతుంటారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, మౌస్‌తో పనే లేదు. డెస్క్‌కి కావాల్సింది అదే. రంగుల మెయిల్‌లో చిన్న బొమ్మ పెట్టి, తెరిచిన మనిషి ఎక్కడున్నాడో అవతలివాడు కనుక్కుంటాడు. అక్షరాలు మాత్రమే ఉన్న మెయిల్‌లో వాడి ఆట సాగదు. పైగా రెండు ముక్కల మెయిల్ కాబట్టి, ఉదయగిరి కొండ వెనక ఒక్క సిగ్నల్ గీత ఉన్నా పోతుంది.

ఆమె సెటప్ మెనూ తెరిచి ఒక్కొక్క వరుసే చదివింది. తన పేరు. సరిగ్గానే ఉంది. మెయిల్ పంపే సర్వర్, ఇన్‌బాక్స్ దారి, సంతకం. అన్నీ సరే. తర్వాత అడ్రస్ బుక్ తెరిచింది. డెస్క్ అనే పేరు మీద నిలబడి, ఎంటర్ నొక్కింది. నిక్‌నేమ్, పూర్తి పేరు, ఎఫ్‌సిసి, కామెంట్, అడ్రస్. ఐదు గళ్ళు. అడ్రస్ గడిలో ఉన్నది డెస్క్ అడ్రసే. ఆమె కళ్ళు వెనక్కి వెళ్ళి మూడో గడి దగ్గర ఆగిపోయాయి.

ఎఫ్‌సిసి అంటే, పంపిన మెయిల్ కాపీ ఏ ఫోల్డర్‌లో దాచుకోవాలో చెప్పే గడి. మామూలుగా ఖాళీగా వదిలేస్తారు. వదిలేస్తే కాపీ మన దగ్గరే, పంపినవాటిలో పడి ఉంటుంది. ఇక్కడ వదిలెయ్యలేదు. ఎవరో ఒక ఫోల్డర్ పేరు రాశారు. ఆ ఫోల్డర్ ఈ మిషన్‌లోది కాదు, ఎక్కడో ఉన్న ఇంకో సర్వర్‌లోది. మెయిల్ రాసేటప్పుడు ఆ వరుస తెర మీద కనిపించదు, కంట్రోల్ ఆర్ నొక్కి పై వరుసలు విప్పితేనే కనిపిస్తుంది. దొంగ ఎవరూ లోపలికి రాలేదు. సుకుమారే ప్రతిసారీ తన చేత్తో కోబాల్ట్‌కి ఒక కాపీ తీసి ఇచ్చింది. కోటేశ్వర్ గది గురించి కూడా తనే ఇచ్చింది.

ఆ గడి రాసిందెవరో ఆమెకు తెలుసు.

షాపు పెట్టిన కొత్తలో సురేంద్రబాబు ఈ స్టూలు మీదే కూర్చుని ప్రోగ్రాం సెట్ చేసి ఇచ్చాడు. "అడ్రస్‌లు గుర్తు పెట్టుకునే పని లేదు అమ్మాయ్. పేరు కొట్టు, మిగతాది అదే రాసుకుంటాది. పుస్తకం నేను నింపి ఇస్తాలే," అన్నాడు. వరికుంటపాడు దగ్గర పెద్ద ఆసామి కుటుంబం వాళ్ళది. డిగ్రీ చదివి టైపింగ్ సెంటర్లో గోళ్ళు గిల్లుకుంటున్న సుకుమారిని డెస్క్‌కి పరిచయం చేసింది ఆయనే. పిస్టల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆమె నాయన పోయినప్పుడు, చుట్టాలే వెనకాముందాడుతుంటే, అంత పెద్దింటి మనిషి చెప్పులు విడిచి శవపెట్టెకు ఒక మూల భుజం ఇచ్చాడు. ఉదయగిరిలో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

"కాదులే, ఎవరో తర్వాత మార్చి ఉంటారు," అని పైకే అనుకుంది. ఎవరు మారుస్తారు? షాపు తాళం ఒకటి తన దగ్గర, ఇంకొకటి ఆయన దగ్గర. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది, ముఖం కడుక్కుని డెస్క్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది.

డెస్క్ అడిగింది ఒక్కటే. "రుజువు చెయ్యగలవా?"

"శనివారం చేస్తాను. నెల్లూరు నుంచి ఇంకో బండి పంపించండి. మనుషుల్ని పంపించండి. ఆయనకు తెలియకుండా."

శుక్రవారం కూటం ముగిసింది. భోజనాల దగ్గర లిదియమ్మని పక్కకు పిలిచి, ఇల్లు మార్చాలని ఎలా చెప్పాలా అని సుకుమారి తంటాలు పడుతోంది. ఆమె నోరు తెరవకముందే లిదియమ్మే గరిటె పక్కన పెట్టి అందరికీ వినపడేలా చెప్పింది.

"మా కోడలికి నొప్పులు మొదలైనట్టుండాయి. ఆత్మకూరు ఆస్పత్రికి పోతా ఉండాం. వచ్చే వారం నా వంతు శీనమ్మ తీసుకుంటాది. ఏం శీనమ్మా?"

"తీసుకోక ఏం చేస్తా? కాకపోతే సాంబారు నీ అంత చిక్కగా రాదు," అంది శీనమ్మ.

పని అయిపోయింది. ఏ కాగితం మీదా రాసుకోలేదు, ఎవరికీ ఫోను చెయ్యలేదు. ఈ ఊళ్ళో వంతులు ఎప్పుడూ ఇలాగే మారతాయి. కాసేపటికి తెల్ల చీరలు గుంపుగా వీధిలోకి వచ్చాయి. అందులో ఒకటి కాస్త పొడుగ్గా ఉంది, దాని నడక కూడా అంత బాగాలేదు. శీనమ్మ మోచేత్తో పొడిచింది.

"చిన్నంగా అడుగు వెయ్ నాయనా. పొలం గట్టు దాటినట్టు నడుస్తా ఉండావే."

"కాళ్ళకి కుచ్చిళ్ళు అడ్డం పడతా ఉండాయి పెద్దమ్మా," అంది ముసుగులోంచి మగ గొంతు.

"నోరు మూసుకో. ఇన్నేళ్ళు మేము పడలేదా?"

మేనత్త ఇంట్లోనే ఆగిపోయిన సుకుమారి ఒడిలో చిన్న లాప్‌టాప్ ఉంది. షాపులో ఉన్న ప్రోగ్రామే, అదే అడ్రస్ బుక్. ఇల్లు మారిందని డెస్క్‌కి రాయలేదు. వేరే మెయిల్ రాసింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. "అంతా సురేంద్రబాబు చెప్పినట్టే జరిగింది. ఇద్దర్నీ తెచ్చి మనకు అప్పగిస్తున్నాడు. వీధికి రెండు వైపులా పోలీసులు రెడీ. ఆయనకు ఇచ్చిన మాట తప్పకండి." పేరు దగ్గర డెస్క్ అని కొట్టింది. మూడో గడిని ముట్టుకోలేదు.

పంపలేదు కూడా. ఈ మెయిల్ పోతే కోబాల్ట్ సురేంద్రబాబుని బతకనివ్వదు. ఆయన తప్పు చెయ్యకపోతే? ఆమె కంట్రోల్ ఓ నొక్కి వాయిదా వేసింది. తర్వాత ఆయనకు ఫోన్ చేసింది.

"సర్, రేపు పొద్దున బండి ఉదయగిరి బస్టాండులో ఆపండి. ఇల్లు అప్పుడు చెప్తాను."

"అట్నే అమ్మాయ్. రూల్ అంటే రూలే," అన్నాడు సురేంద్రబాబు. ఆ గొంతులో పాత ఆప్యాయత అలాగే ఉంది.

శనివారం తెల్లవారింది. లిదియమ్మ ఇంటి ఎదుట మూతపడిన కొట్టు అరుగు మీద, ముసుగు కప్పుకుని, కూరగాయల బుట్ట పక్కన పెట్టుకుని సుకుమారి కూర్చుంది. బుట్టలో పైన వంకాయలు, కింద లాప్‌టాప్, ఆ కింద పిస్టల్. బస్టాండు ఇక్కడికి చాలా దూరం. 'జీపు అక్కడే ఆగాలి ప్రభువా, ఇక్కడికి రాకూడదు' అని ప్రార్థన చేసింది. అంత మనస్ఫూర్తిగా ఆమె ఎప్పుడూ ఏదీ అడగలేదు.

జీపు సందులోకి వచ్చి లిదియమ్మ గుమ్మం ముందే ఆగింది.

సురేంద్రబాబు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ. వెనక టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి ఒకడు, స్టీరింగ్ దగ్గర ఇంకొకడు. కోటేశ్వర్ కొట్లో టీ తాగిన గిరాకీలు వాళ్ళే. లిదియమ్మ ఇల్లు అన్న మాట డెస్క్‌కి రాసిన ఒక్క మెయిల్‌లో తప్ప ఎక్కడా లేదు.

తలుపుకు తాళం ఉంది. పక్కింటి అవ్వ చీపురు ఆపి చూసింది.

"యాడికి పోయినారు అవ్వా వీళ్ళు?" అన్నాడు సురేంద్రబాబు.

"కోడల్ని కాన్పుకి తీసుకుపోయినారు. వంతు శీనమ్మకిచ్చేసి పోయినాదిలే."

"వంతు ఇచ్చెయ్యడమేంది?"

"ఏముండాది నాయనా, ఈమెకు కుదరలేదు, ఆమె తీసుకునింది."

సురేంద్రబాబు నిలబడిపోయాడు. ఆయన ఇంట్లో గుడి మర్యాద ఎవరి తర్వాత ఎవరికో తాతల నాడు తేలింది, ఇప్పటికీ మారలేదు. వంతు అనేది చేతులు మారుతుందని ఆయన బుర్రకు తట్టే అవకాశమే లేదు. తట్టాక మాత్రం ఆలస్యం చెయ్యలేదు. "శీనమ్మ ఇల్లు యాడ?" అన్నాడు. అవ్వ చీపురుతోనే చూపించింది.

సుకుమారి బుట్ట ఎత్తుకుని గోడ సందుల్లోంచి పరుగెత్తింది. శీనమ్మ ఇంటి వెనక దొడ్డిగోడ చాటుకు చేరేసరికి జీపు ముందు గుమ్మంలో ఆగింది. నెల్లూరు బండి ఇంకా రాలేదు. లోపల వరప్రసాదం చీరలోనే ఉన్నాడు, ఎదురుగా రెండు తుపాకులు, ఈమె దగ్గర ఒకటి.

తలుపు తట్టిన చప్పుడు, తర్వాత ఆ గొంతు, ఆప్యాయంగా.

"శీనమ్మా, సుకుమారి పంపించినాది. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చినాను. తలుపు తియ్ తల్లీ."

సుకుమారి అంటే ఆ ఊళ్ళో తలుపులు తెరుచుకుంటాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆ నమ్మకాన్నే వాడుకుంటున్నాడు. అప్పటిదాకా ఆమె గుండెలో ఎక్కడో మిగిలిన కాస్త 'కాదులే' కూడా ఆ మాటతో పోయింది. లోపల గడియ జరుగుతున్న చప్పుడు వినిపించింది.

లాప్‌టాప్ తెరిచింది. వాయిదా వేసిన మెయిల్ ఉంది, కొనసాగించాలా అని అడిగింది. వై, అంటే అవును, నొక్కింది. కంట్రోల్ ఎక్స్. పంపాలా అని అడిగింది. వై. అడుగున పంపుతున్నట్టు వరుస కదిలి, సగంలో ఆగిపోయింది. కొండ వెనక ఉన్న ఆ ఒక్క సిగ్నల్ గీతా మాయమైంది. "కదలవే," అంది సుకుమారి పళ్ళ బిగువున. గడియ ఊడింది. గీత మళ్ళీ వెలిగింది. మెయిల్ పోయింది.

గుమ్మంలో రెండు ఫోన్లు టింగుమన్నాయి.

పొడుగాటివాడు ఫోను చూశాడు. తలుపు తెరుచుకుంది, శీనమ్మ గుమ్మంలో నిలబడింది. వాడు ఆమె వైపు చూడనే లేదు. తుపాకీ తీసి సురేంద్రబాబు మెడ వెనక ఆనించాడు.

"ఏంది ఇది? నేనేం చేసినాను?" అన్నాడు సురేంద్రబాబు. వాడు ఫోను ఆయన కళ్ళ ముందు పెట్టాడు. ఆయన చదివాడు. ఎవరు రాశారో, ఏ దారిన వచ్చిందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? ముఖం పాలిపోయింది.

సుకుమారి గోడ మలుపులోంచి పిస్టల్‌తో బయటికి వచ్చింది.

"సుకుమారీ, వీళ్ళకు చెప్పు. నేను చెప్పలేదని చెప్పు."

ఒక్క క్షణం చేతులు కట్టుకుని నిలబడితే చాలు, కోటేశ్వర్ బాకీ అక్కడికక్కడే తీరిపోయేది. నిలబడాలనే అనిపించింది. కానీ ఆమె కళ్ళకు ఎదురుగా ఉన్నది ఆయన కుడి భుజం. నాయన పెట్టెను మోసిన భుజం. పళ్ళు కొరుక్కుంటూ పొడుగాటివాడి మణికట్టుకు గురిపెట్టి కాల్చింది. తుపాకీ ఎగిరి, శీనమ్మ గుమ్మం పక్కన తోమి పెట్టిన సాంబారు గిన్నెల్లో పడింది. రెండోవాడు జీపును వెనక్కి తోలాడు. సందు మొదట్లో తెల్ల కారు అడ్డంగా నిలబడి ఉంది. నిరోష అద్దంలో లిప్‌స్టిక్ సరిచూసుకుంటోంది. ఈసారికి ఎవరి వైపో తేల్చుకున్నట్టుంది. ఆమె వెనకే నెల్లూరు బండి వచ్చి ఆగింది.

బేడీలు వేశాక సురేంద్రబాబు అన్నాడు, "నీకేం కాకుండా చూసుకున్నాను అమ్మాయ్. ఇన్నేళ్ళు చేసినా, డెస్క్ నన్ను బండి తోలేవాడి దగ్గరే కూర్చోబెట్టినాది. మా ఊళ్ళో నా ముందు నిలబడే మనిషి లేడు."

"కోటేశ్వర్ మీ ముందు ఎప్పుడు నిలబడినాడు సర్?"

సుకుమారి వెంటనే ముఖం తిప్పేసుకుంది. సర్ అనే మాట ఇంకా తన నోట్లోంచి వస్తున్నందుకు ఆమెకు ఒళ్ళు మండింది. లోపలినుంచి వరప్రసాదం కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చాడు.

"అక్కా, మేజిస్ట్రేట్ దగ్గరికి దీంతోనే పోవాల్నా?"

"ప్యాంటు నెల్లూరు బండిలో ఉండాది. ఎక్కు."

మధ్యాహ్నానికి సాక్ష్యం పూర్తయిందని డెస్క్ ఫోన్ చేసింది. బాగా చేశావు అని కూడా అంది, ఎక్కడో చదివి అన్నట్టు. సుకుమారి షాపు తెరిచి, అడ్రస్ బుక్‌లో డెస్క్ పేరు మీదికి వెళ్ళి మూడో గడి చెరిపేసింది. కింద ఇంకో పేరు ఉంది, నిక్‌నేమ్ గడిలో 'గురువు' అని. డి నొక్కింది. నిజంగా తీసెయ్యాలా అని ప్రోగ్రాం అడిగింది. చివరికి వై నొక్కి, కళ్ళు తుడుచుకుంది.

గ్లాసు బల్ల మీద ఎవరో వేలితో తట్టారు. కలువాయి నుంచి వచ్చిన రైతు, చేతిలో ఆధార్ కార్డు.

"అమ్మా, రెండు కాపీలు తియ్."

సుకుమారి తలెత్తి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"రెండోది ఎవరికి?"